ఎదురు సైకిలుకి చెప్పాల్సిన మాట

సైకిలు తొక్కడం నాకు ఒకరు నేర్పాల్సిన అవసరం లేదు. చిన్నప్పుడు అద్దె సైకిలు తెచ్చుకుని, సీటు అందక, బారు కింద నుంచి కాలు దూర్చి తెనాలి వీధులన్నీ తిరిగినవాణ్ణి. అమెరికాలో సైకిలెక్కాకే తెలిసింది, ఇక్కడ తొక్కడం పెద్ద విషయం కాదని. ఎదురొచ్చేవాడికీ, వెనక నుంచి దాటేటప్పుడు ముందున్నవాడికీ ఏం చెప్పాలో తెలియడమే అసలు విద్య. ఆ విద్య ముప్ఫై తొమ్మిదో ఏట మోరిస్‌విల్‌లో నేర్చుకున్నాను. నేర్చుకున్నది నాలోనే దాచుకోకుండా మా అమ్మాయికి కూడా చక్కగా నేర్పాను. ఆ ఘనకార్యం గురించే ఇదంతా.

మాంద్యం వచ్చిన మరుసటి ఏడు న్యూజెర్సీ పిస్కాటవేలో నా ప్రాజెక్టు ఉన్నపళంగా ఆగిపోయింది. వీసా మీద బతికేవాడికి ప్రాజెక్టు ఎక్కడుంటే అదే సొంతూరు. నార్త్ కరొలైనాలోని మోరిస్‌విల్‌లో ఒకటి దొరికితే, ఫిబ్రవరిలో, బడి సంవత్సరం మధ్యలో, పెట్టే బేడా సర్దుకుని వచ్చేశాం. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. పిస్కాటవేలో మా అపార్ట్‌మెంట్ మెట్ల మీదే దానికి ఐదుగురు స్నేహితురాళ్ళు ఉండేవాళ్ళు. ఇక్కడ ఒక్కరూ లేరు. కొత్త బళ్ళో ఎవరి జట్లు వాళ్ళకి ముందే కుదిరిపోయాయి.

"లంచ్ టైమ్‌లో ఎవరితో కూర్చుంటున్నావే?" అని వాళ్ళమ్మ అడిగింది.

"బుక్‌తో. ఇట్స్ ఫైన్, అమ్మా."

తొమ్మిదేళ్ళ పిల్ల ఫైన్ అందంటే ఏదీ బాగాలేదని అర్థం. అది తన గదిలోకి వెళ్ళగానే మా ఆవిడ నా మీద విరుచుకుపడింది. "మీ ప్రాజెక్టుల కోసం పిల్లని నారుమొక్కలా ఒకచోట పీకి ఇంకోచోట పాతుతున్నారు. అక్కడ ఐదుగురిని వదిలించారు. ఇక్కడ దానికి ఒక్క ఫ్రెండ్‌నైనా చూసిపెట్టండి. ఆ పూచీ మీదే."

సరేనన్నాను. స్నేహితురాలిని ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసే సదుపాయం లేదు కాబట్టి రెండు సైకిళ్ళు కొన్నాను. దానిది చిన్నది, హ్యాండిల్ చివర్ల నుంచి గులాబీ రంగు కుచ్చులు వేలాడుతూ ఉండేవి. మా ఇంటి వెనకే పాత రైలు పట్టాలు పీకేసి వేసిన బాట ఒకటి ఉంది, రెండు పక్కలా పైన్ చెట్లు. ఊళ్ళో జనమంతా అక్కడే నడుస్తారు, పరిగెడతారు, సైకిళ్ళు తొక్కుతారు. "అక్కడ నీ ఈడు పిల్లలు ఎవరో ఒకరు దొరుకుతారు, చూస్తూ ఉండు," అని దానికి మాటిచ్చాను. పొద్దున ఆఫీసుకి ముందు నేనొక్కణ్ణీ, సాయంత్రం దాన్ని తీసుకునీ వెళ్ళేవాణ్ణి.

ఆ బాట మీద తెల్లవాళ్ళ మర్యాదలు చూస్తే కళ్ళు తిరిగాయి. ఒంటికి అతుక్కునే బట్టలేసుకుని రివ్వున దూసుకొచ్చే బాపతు వాళ్ళు హ్యాండిల్ మీంచి రెండు వేళ్ళు అరంగుళం పైకి లేపుతారు. అంతే. వాళ్ళ లెక్కలో అది సాష్టాంగ నమస్కారం. ముసలి దంపతులు తుంపర పడుతున్నా సరే "బ్యూటిఫుల్ మార్నింగ్!" అంటారు. కుక్కల వాళ్ళు కుక్క తరఫున క్షమాపణ చెప్పుకుంటారు. బూటు లేసు కట్టుకుందామని ఒకరోజు పక్కకి ఆగితే, వరసగా నలుగురు "యూ ఓకే?" అని అడిగి వెళ్ళారు. మా ఊళ్ళో బస్సు కింద పడ్డా అంతమంది అడగరు.

ఇక బెల్లు. మన దగ్గర సైకిలు బెల్లంటే "కళ్ళు కనపడట్లేదా, తప్పుకో" అని. ఆ అలవాటున మొదటి వారం పాలవాడిలా మోగించుకుంటూ పోయాను. ఒక పెద్దావిడ కుక్కని ఎత్తుకుని గడ్డిలోకి దిగిపోయి, గుండె మీద చెయ్యేసుకుని నిలబడింది. ఇక్కడ వెనక నుంచి దాటాలంటే మెత్తగా "ఆన్ యువర్ లెఫ్ట్" అనాలట, అంటే నీ ఎడమ పక్కనుంచి వెళ్తున్నాను, ఉలిక్కిపడకు అని. నాకు నెల పట్టింది. మా అమ్మాయికి ఒక్క పూట చాలింది. దానికి ఆ మాట ఎంత నచ్చిందంటే, కావాలని వెనకబడి, మళ్ళీ వేగంగా తొక్కుకొచ్చి, "ఆన్ యువర్ లెఫ్ట్, నాన్నా!" అని అరుస్తూ నన్ను దాటేది. మైలుకి పదిసార్లు. ఒక్కసారి కూడా ఆ మాట మరిచేది కాదు.

ఇదంతా తెల్లవాళ్ళ సంగతి. మనవాళ్ళ దగ్గరికొచ్చేసరికి శాస్త్రం వేరు. తెల్లవాడి కుక్కకి కూడా గుడ్ మార్నింగ్ చెప్పే నేను, దూరంగా ఒక ఇండియన్ మొహం కనపడితే చాలు, వంగి గేర్లు పరీక్షించుకునేవాణ్ణి. ఆ పెద్దమనిషికి కూడా సరిగ్గా అప్పుడే వాచీలో టైము చూసుకోవాలని గుర్తొచ్చేది. మాటలు మానేసిన తోడికోడళ్ళలా ఒకరి పక్కనుంచి ఒకరం వెళ్ళిపోయేవాళ్ళం.

ఎందుకంటే కారణాలున్నాయి మరి. హలో అన్నామా, అయిపోయాం. ఏ కంపెనీ, హెచ్‌-వన్నా గ్రీన్ కార్డా, కార్డు వరసలో ప్రయారిటీ డేట్ ఎంత, ఇల్లు కొన్నారా రెంటా, మొత్తం జాతకం అక్కడే విప్పాలి. అది కూడా భరించొచ్చు. అంతకన్నా ప్రమాదం సబ్బుల వాళ్ళు. ఆ రోజుల్లో అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. న్యూజెర్సీలో ఇండియన్ షాపులో కందిపప్పు బస్తాల దగ్గర నిలబడితే ఒకాయన నవ్వుతూ వచ్చి, "మిమ్మల్నెక్కడో చూశానండీ," అన్నాడు. ఎంత ఆప్యాయత! ఆదివారం భోజనానికి పిలిచాం. గోంగూర మెచ్చుకున్నాడు, పిల్లని ముద్దుచేశాడు, చెయ్యి కడుక్కొచ్చి తెల్లకాగితం అడిగాడు. దాని మీద ఒక గుండ్రం గీసి, "ఇది మీరు," అన్నాడు. దాని కింద మూడు గుండ్రాలు, వాటి కింద తొమ్మిది. వాటన్నిటితో నేను సబ్బులూ టూత్‌పేస్టులూ అమ్మిస్తే రిటైరైపోవచ్చట. ఆ గుండ్రాలు ఇల్లు దాటేసరికి రెండు గంటలు. మొహమాటానికి తీసుకున్న టూత్‌పేస్టుతో ఏడాదిపాటు పళ్ళు తోముకున్నాం. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. ఈ దేశంలో పరిచయం లేని మనవాడు పలకరించి నవ్వాడంటే, వాడి సంచిలో సబ్బు ఉన్నట్టే.

ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున. బాట మీద ఒక వంపు దగ్గర నేను మధ్యలో తొక్కుతున్నాను, ఎదురుగా ఇంకొకడు కూడా మధ్యలోనే వస్తున్నాడు. అమెరికాలో ఎవరైనా కుడికి తప్పుకోవాలి. కానీ ప్రాణం మీదికి వస్తే ఒంట్లో ఉన్న ఊరు బయటపడుతుంది. "ఓరి నాయనో!" అని అరుస్తూ నేను ఎడమకి కోశాను. వాడూ ఎడమకే కోశాడు. ఇద్దరం భేషుగ్గా తప్పించుకున్నాం. వాడు తెల్లవాడై కుడికి కోసి ఉంటే ఇద్దరి పళ్ళూ బాట మీదుండేవి, టూత్‌పేస్టు ఖర్చు తప్పేది.

అతను సైకిలాపి, పడీ పడీ నవ్వాడు. నా వయసే ఉంటుంది. టీషర్టు ప్యాంట్‌లోకి దోపుకున్నాడు, కొత్త హెల్మెట్, హ్యాండిల్‌కి ఒక గుడ్డసంచి.

"నమస్తే అన్నా! తెలుగేనా?"

చూసీ చూడగానే అన్నా అన్నాడు! నా కళ్ళు నేరుగా ఆ సంచి మీదికి పోయాయి. ఉబ్బెత్తుగా ఉంది. అతని చూపు నా హ్యాండిల్ మీద ఉంది. అక్కడ మా అమ్మాయి పింక్ హెల్మెట్, ముందురోజు సాయంత్రం తగిలించినది తగిలించినట్టే వేలాడుతోంది. ఓహో, కుటుంబం ఉందా లేదా చూసుకుంటున్నాడు, గుండ్రాలు లెక్కేస్తున్నాడు అనుకున్నాను.

"అన్నా, ఒక మాట అడగాలె—"

"సారీ, నాట్ ఇంట్రెస్టెడ్," అన్నాను. పెడల్ మీద కాలేసి వెళ్ళిపోయాను. వెనక్కి కూడా చూడలేదు.

ఎంత గర్వం! ఇంటికొచ్చి మా ఆవిడకి అభినయంతో సహా చెప్పాను. ఆ వారం తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో చెప్పాను. ఆ తర్వాత ఎవరింటికి భోజనానికి వెళ్ళినా, "ఆ సబ్బుల వాడి కథ చెప్పండి," అని వాళ్ళే అడిగేవాళ్ళు. కొన్నాళ్ళకి మా అమ్మాయి కూడా చేరింది. నేను "నమస్తే అన్నా" అని పళ్ళికిలిస్తే, అది నా పాత్ర వేసి, గడ్డం పైకెత్తి, చెయ్యి అడ్డంగా ఊపి, "సారీ, నాట్ ఇంట్రెస్టెడ్!" అనేది. అంకుళ్ళూ ఆంటీలూ చప్పట్లు కొట్టేవాళ్ళు. ఊరు మారాక ఆ పిల్ల అంత హుషారుగా ఉండేది ఆ నాటకంలోనే. అందుకని మళ్ళీ మళ్ళీ వేయించాను.

అతను మాత్రం వారంలో నాలుగు పొద్దులు ఎదురయ్యేవాడు. రెండో రోజు నుంచే అతనికీ వాచీ చూసుకోవడం వచ్చేసింది. మొదటి చూపులో ఒక మనిషిని ఏమనుకున్నామో, ఇక కళ్ళు దానికే సాక్ష్యాలు వెతుకుతాయి. ఒకరోజు అతను ఒక తెల్లాయన సైకిలుకి ఊడిన గొలుసు ఎక్కించి పెడుతున్నాడు. "కస్టమర్ని పడుతున్నాడు," అనుకున్నాను. ఇంకోరోజు ముసలావిడ కుక్కకి నీళ్ళు పోస్తున్నాడు. "అబ్బో, కుక్కని కూడా గుండ్రంలోకి లాగేశాడు," అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇంటికి రాగానే మా అమ్మాయి రోజూ అదే ప్రశ్న.

"మార్నింగ్ ఎవరైనా కిడ్స్ కనిపించారా, నాన్నా?"

"లేదమ్మా. దొరుకుతారులే."

వేసవి గడిచింది. కొత్త తరగతి మొదలైంది. లంచ్‌లో ఎవరితో కూర్చుంటున్నావని వాళ్ళమ్మ అడగడం మానేసింది. మెత్తగా నా వైపు చూడటం మాత్రం మానలేదు.

సెప్టెంబరు మొదట్లో, ఒక ఆదివారం సాయంత్రం ఇద్దరం బాట మీదున్నాం. అది ముందు, నేను పది గజాలు వెనక. దూరం నుంచే అతన్ని గుర్తుపట్టాను. ఈసారి అతను సైకిలు మీద లేడు, పక్కన పరిగెడుతున్నాడు. ఒక చిన్నపిల్ల సైకిలు తొక్కుతుంటే వెనక సీటు పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకుంటున్నాడు. పిల్లకి తొమ్మిదో పదో ఉంటాయి. తొక్కడం అప్పుడప్పుడే వస్తున్నట్టుంది, చక్రం పాములా మెలికలు తిరుగుతోంది. నేను అలవాటు చొప్పున గేర్ల మీదికి వంగాను.

ఆ పిల్ల మా అమ్మాయికి ఎదురుగా వచ్చింది. మెలికలు తిరుగుతూనే, మొహమంతా నవ్వుతో అంది. "హాయ్! ఐ లైక్ యువర్ రిబ్బన్స్!"

మా అమ్మాయి గడ్డం పైకెత్తింది. చెయ్యి అడ్డంగా ఊపింది.

"సారీ, నాట్ ఇంట్రెస్టెడ్."

అచ్చం నేనే. ఆ విరుపు, ఆ చెయ్యి, అన్నీ నావే.

ఆ పిల్ల కాలు నేల మీద పెట్టేసింది. నవ్వు మొహం మీద సగంలోనే ఆగిపోయింది. ఏం తప్పన్నానో తెలియక వాళ్ళ నాన్న వైపు చూసింది. అతను నా వైపు చూశాడు. అరిచి ఉంటే బాగుండేది. "దా బిడ్డా, పోదాం," అని సీటు పట్టుకున్నాడు.

మా అమ్మాయి కొంచెం ముందుకెళ్ళి ఆగి నా కోసం చూస్తోంది. కళ్ళు మెరుస్తున్నాయి.

"కరెక్ట్ చెప్పానా, నాన్నా? జస్ట్ లైక్ యూ!"

చప్పట్ల కోసం చూస్తోంది. ఆరు నెలలుగా దానికి ఎవరైనా దొరుకుతారని ఆ బాట మీద తిప్పుతున్నది నేను. ఆ దొరికిన పిల్ల మొహం మీద తలుపు వేయడం నేర్పింది కూడా నేనే. సిగ్గుతో చచ్చిపోయాను. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా నాయనమ్మ వెయ్యిసార్లు చెప్పింది. ఊళ్ళు మారుతూ వచ్చాను గానీ నోటి సంగతి పట్టించుకోలేదు.

"వెనక్కి పద," అన్నాను.

"వై?"

"పద ముందు!"

తొక్కాను. నలభైకి దగ్గరపడ్డ మోకాళ్ళు ఏడుస్తున్నా తొక్కాను. వాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఏమని పిలవాలో తెలియలేదు. అతని పేరేమిటో నాకు తెలియదు, నాకు తెలిసింది సబ్బుల వాడు అనే. చివరికి నోట్లోంచి వచ్చింది "ఆన్ యువర్ లెఫ్ట్!" పాపం అతను మర్యాదగా పిల్లతో సహా కుడికి తప్పుకుని నాకు దారిచ్చాడు. నేను వాళ్ళని దాటిపోయి, ముందు ఆపి, సైకిలు అడ్డంగా తిప్పి, రొప్పుతూ నిలబడ్డాను.

"నమస్తే అండీ," అన్నాను. "తెలుగువారేనా?"

అతను పిల్ల సైకిలు పడకుండా పట్టుకునే అన్నాడు.

"ఔనన్నా. ఏప్రిల్‌ల కూడ తెలుగే."

తగలాల్సిన చోట తగిలింది. తల వంచుకుని, సబ్బుల సంగతీ, గుండ్రాల సంగతీ, నా వెధవ తెలివితేటల సంగతీ అన్నీ చెప్పేశాను. మా అమ్మాయి వింటోందని తెలిసీ చెప్పాను. అతనికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వలేదు గానీ మొహంలో బిగువు కొంచెం సడలింది.

"అయ్యో, నాకెక్కడి సబ్బులన్నా! అప్పటికి ఇండియా నుంచి వచ్చి మూడు వారాలే. ఆ రోజు మీ హ్యాండిల్‌కు చిన్న పింక్ హెల్మెట్ ఏలాడుతుండె. మా బిడ్డ ఈడు పిల్ల ఉన్నట్టుందని ఆపిన. ఈడ దానికి ఎవ్వరు లేకుండె. మీ పాప ఏ స్కూల్ అని అడుగుదామనుకున్న. అంతే."

ఏ స్కూల్ అంటే, రోడ్డుకి ఇవతల ఇళ్ళకి ఒక బడి, అవతల ఇళ్ళకి ఇంకోటి. వాళ్ళ అపార్ట్‌మెంట్ రోడ్డుకి అవతల. మా బాల్కనీలోంచి వాళ్ళ పార్కింగ్ కనపడుతుంది. ఆ పార్కింగ్‌లోనే ఇన్నాళ్ళూ ఆ పిల్ల ఒక్కతే ఆడుకుంది.

మా అమ్మాయి ఆ పిల్ల దగ్గరికెళ్ళి, నేల చూస్తూ, "సారీ. రియల్లీ సారీ," అంది. "మా నాన్న అలా చెప్తాడు. నేను ఫన్నీ అనుకున్నా."

ఆ పిల్ల కుచ్చులు చూపించి, "పట్టుకోవచ్చా?" అని తెలుగులో అడిగింది. అతను భుజానికి తగిలించుకున్న ఆ పాత గుడ్డసంచి విప్పాడు. అందులో మురుకులు. ఐదు నెలలు నేను సబ్బులనుకున్నవి అవే. నాకూ ఒకటిచ్చాడు.

"రేపట్నుంచి ఇద్దరూ రోజూ కలిసి తొక్కుకోవచ్చు," అన్నాను, నా తప్పంతా ఒక్క మాటతో కడిగేద్దామని.

అతను పిల్లల వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఈ ఒక్క వారమే అన్నా. ప్రాజెక్ట్ అయిపోయింది. వచ్చే శనివారం షికాగో పక్కన షామ్‌బర్గ్ పోతున్నం."

ఆ వారం సోమవారం నుంచి శుక్రవారం దాకా నేను ఆఫీసు నుంచి నాలుగింటికే వచ్చేశాను, మేనేజర్ ఏమనుకున్నా సరే. ఐదు సాయంత్రాలూ పిల్లలిద్దరూ ముందు, మేమిద్దరం వెనక. మా అమ్మాయి ఆ పిల్లకి అన్నీ నేర్పింది. రెండు వేళ్ళు ఎలా లేపాలి, కుక్క వాళ్ళకి ఏం చెప్పాలి, ఆన్ యువర్ లెఫ్ట్ ఎప్పుడు అనాలి. మొదటి సాయంత్రమంతా పడుతూ లేస్తూ వచ్చిన ఆ పిల్ల శుక్రవారానికల్లా మా అమ్మాయితో పందెం వేసింది. మా అమ్మాయి అలా నవ్వడం పిస్కాటవే తర్వాత నేను వినలేదు.

శనివారం పొద్దున వాళ్ళ పార్కింగ్‌కి సైకిళ్ళ మీదే వెళ్ళాం. ఆ పిల్ల సైకిలు తప్ప సామాన్లన్నీ అద్దె ట్రక్కులో ఎక్కాయి. మా అమ్మాయి తన సైకిలుకి ఉన్న ఒక పక్క కుచ్చు పీకి, ఆ పిల్ల హ్యాండిల్‌కి తగిలించింది. ట్రక్కు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపింది.

తిరిగి వస్తూ బాట మీద ఒకచోట అది ఆగింది. నేనూ ఆగాను.

"ఆ అంకుల్‌ని నువ్వు ఫస్ట్ ఎప్పుడు చూశావు, నాన్నా?"

అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"ఏప్రిల్‌లో."

అది హ్యాండిల్ మీంచి చెయ్యి తీసింది. ఒక్కో వేలూ తెరుస్తూ లెక్కపెట్టింది. "ఏప్రిల్. మే. జూన్. జులై. ఆగస్ట్." చెయ్యి నిండిపోయింది. రెండో చేతి వేలు ఒకటి లేపి, కాసేపు చూసి, మళ్ళీ ముడిచేసింది. "సెప్టెంబర్ ఓకే. సెప్టెంబర్‌లో తను ఉంది."

హెల్మెట్ పట్టీ సరిచేసుకుంది. నేను ముందు బయల్దేరాను. నాలుగు గజాలు పోయాక వెనక చక్రాల చప్పుడు వినపడింది, వేగంగా. ఎడమ పక్కనుంచి మా అమ్మాయి నన్ను దాటుకుని వెళ్ళిపోయింది.

ఆన్ యువర్ లెఫ్ట్ అనలేదు.